ఉప్పు మూట, వెండి నాణెం, ఖనిజం బండి: వాణిజ్యవాదం మన కొండలెక్కిన దారి

గ్రూప్స్ పరీక్షలకు తయారయ్యే మన పిల్లల పుస్తకాల్లో ‘వాణిజ్యవాదం’ అనే మాట ఒక్క పేరాలో వచ్చి వెళ్లిపోతుంది. 16వ శతాబ్దం నుంచి 18వ శతాబ్దం దాకా యూరప్ దేశాలు నడిపిన ఆర్థిక విధానం. బంగారం, వెండి ఎక్కువగా ఉన్నదే ధనిక దేశం అన్న నమ్మకం. ఎగుమతులు పెంచాలి, దిగుమతులు తగ్గించాలి. ఆడమ్ స్మిత్ విమర్శించాడు. అంతే. మేమూ అలాగే చదివాం, రాశాం, మార్కులు తెచ్చుకున్నాం. ఆ మాటకూ మన పాడేరు ఘాట్‌కూ, అరకు సంతకూ, విశాఖ రేవుకూ ఏమైనా సంబంధం ఉందా అని అప్పుడు మాకు చెప్పినవాళ్లు లేరు. మాకూ తోచలేదు.

మన సంచికల్లో ధింసా గురించి, ఇటుకల పండుగ గురించి, పితూరీ వీరుల గురించి వ్యాసాలు వస్తూనే ఉన్నాయి, రావాలి కూడా. ఈసారి మేము వ్యాపారం గురించి రాయాలనుకున్నాం. పాట, ఆట, పండుగ మన దగ్గరే పుట్టి మన దగ్గరే ఉంటాయి. వ్యాపారం అలా కాదు. అది ఎక్కడో మొదలై మన ఇంటి గుమ్మం దాకా వచ్చి, మన అటక మీద ఉన్నదాన్ని దించుకుని పోతుంది. ఆ దారి మనకు తెలియాలి.

వాణిజ్యవాదం అర్థం కావాలంటే పెద్ద పుస్తకాలు అక్కర్లేదు, మన సంత చాలు. పూర్వం సంతకు పల్లం నుంచి షావుకారు ఉప్పు, ఎండుచేప, గుడ్డలు, తర్వాతి రోజుల్లో కిరసనాయిలు తెచ్చేవాడు. కొండ మీది నుంచి మనవాళ్లు చింతపండు, పసుపు, వలిసెలు, కరక్కాయలు, అడ్డాకులు, తేనె కావిళ్లతో దించేవాళ్లు. కొలిచే అడ్డ షావుకారుది. ధర చెప్పే నోరు షావుకారుది. పండక ముందే అప్పిచ్చి పంటను కట్టుకునే చిట్టా కూడా అతనిదే. సాయంత్రానికి మనవాడి కావిడిలో ఉప్పు మూట, షావుకారు సంచిలో రొక్కం. మిగతా దేశాలన్నిటి ముందు తన దేశం ఆ షావుకారులా కూర్చోవాలి, తతిమ్మా వాళ్లంతా కావిడి దించేవాళ్లుగా ఉండాలి అనుకోవడమే వాణిజ్యవాదం. షావుకారు వెనక తుపాకీ, ఓడ, చట్టం, రాజముద్ర నిలబడి ఉంటే ఎలా ఉంటుందో ఊహించుకుంటే మిగతాది అర్థమవుతుంది.

ఇందులో ఒక తమాషా ఉంది. ఆ కాలంలో ఎవరూ తాము వాణిజ్యవాదులమని చెప్పుకోలేదు. అదొక మతమూ కాదు, పార్టీ అంతకన్నా కాదు. వర్తకులు, మంత్రులు, సుంకం అధికారులు ఎవరి అవసరం కొద్దీ వాళ్లు చెప్పిన మాటల్ని, చేసిన చట్టాల్ని తర్వాతి తరం వాళ్లు ఒక మూటగా కట్టి ఆ పేరు పెట్టారు. 1776లో స్మిత్ తన గ్రంథంలో దాన్ని ‘వర్తక వ్యవస్థ’ అని పిలిచి ఉతికి ఆరేశాక పేరు స్థిరపడింది.

వెండి వచ్చిన దారి

ముందు వెండి సంగతి చెప్పుకోవాలి. ఎందుకంటే అక్కడ కూడా మనలాంటి వాళ్లే ఉన్నారు.

1545లో దక్షిణ అమెరికాలో, ఇప్పటి బొలీవియాలో ఉన్న పొటోసి కొండలో స్పానిష్ వాళ్లకు వెండి దొరికింది. ఆ కొండను తవ్వింది అక్కడి ఆదివాసులు. 1570ల్లో స్పెయిన్ రాజప్రతినిధి టొలేడో ఆ చుట్టుపక్కల ఊళ్ల నుంచి వంతుల ప్రకారం మగవాళ్లను గనుల్లోకి పంపాలని కట్టడి చేశాడు. దాన్ని ‘మిటా’ అన్నారు. మన మన్యంలో వెట్టి అని దేన్నన్నామో అదే. ఆ గనుల్లో ఎన్ని ప్రాణాలు పోయాయో లెక్క తేలదు. అక్కడ దిగిన వెండి స్పెయిన్ చేరింది. స్పెయిన్ దాన్ని యుద్ధాలకూ విలాసాలకూ ఖర్చు పెడితే అది ఆమ్‌స్టర్‌డామ్‌కూ లండన్‌కూ పోయింది. అక్కడి నుంచి ‘రియాల్’ నాణేలుగా డచ్చి, ఇంగ్లీషు ఓడలెక్కి మన తీరానికి వచ్చింది. మచిలీపట్నంలో దిగిన వెండితో గోల్కొండ రాజ్యపు బట్ట కొనేవాళ్లు. అంటే, ఒక ఖండంలో ఆదివాసి తవ్విన వెండి ఇంకో ఖండంలో తెలుగు సాలెవాడి చేతికి కూలిగా చేరింది. ఈ ఇద్దరికీ ఒకరి సంగతి ఒకరికి తెలియదు. మధ్యలో ఉన్నవాడికి మాత్రం ఇద్దరి సంగతీ తెలుసు.

మధ్యలో ఉన్నవాడు ఈస్టిండియా కంపెనీ. 1600 డిసెంబర్ 31న ఎలిజబెత్ రాణి ఇచ్చిన పట్టాతో పుట్టింది. తూర్పు దేశాల వ్యాపారమంతా ఆ ఒక్క కంపెనీదే, ఇంకో ఇంగ్లీషువాడు చేయకూడదు. ఈ గుత్తాధిపత్యమే వాణిజ్యవాదానికి గుండెకాయ. అయితే కంపెనీకి మొదటి నుంచీ ఇంట్లోనే పోరు. మన దేశంలో ఇంగ్లీషు ఉన్ని బట్టను కొనే దిక్కు లేదు. ఈ ఎండలకు ఉన్ని ఎవరికి కావాలి? కాబట్టి వాళ్లు ఇక్కడికి వెండే తేవాలి. దేశంలోని వెండి బయటికి పోతే దేశం చిక్కిపోతుందని కదా ఆనాటి సిద్ధాంతం! అందుకే మొదట్లో ఒక్కో ప్రయాణానికి 30,000 పౌన్ల వెండికి మించి తీసుకుపోకూడదని పట్టాలోనే కట్టడి పెట్టారు.

ఈ విమర్శకు జవాబు చెప్పినవాడు థామస్ మన్. అతను కంపెనీ డైరెక్టర్లలో ఒకడు. 1621లో ఒక చిన్న పుస్తకం అచ్చు వేశాడు. అతను రాసిన పెద్ద పుస్తకాన్ని అతను పోయాక 1664లో కొడుకు అచ్చు వేయించాడు. వాణిజ్యవాదానికి వేదం లాంటిది ఈ రెండోదే. అతని వాదన సులువుగానే ఉంటుంది: ఒక్క దేశంతో లెక్క చూడకండి, అన్ని దేశాలతో మొత్తం లెక్క చూడండి. హిందూదేశానికి వెండి పోతే పోనీండి, అక్కడ కొన్న బట్టనూ మిరియాలనూ తెచ్చి యూరప్‌లో మిగతా వాళ్లకు అమ్మితే పోయినదానికి ఎన్నో రెట్లు వెండి తిరిగి వస్తుంది. దీనికి అతనిచ్చిన పోలిక రైతుది. విత్తేటప్పుడు మాత్రమే రైతును చూసినవాడు, మంచి గింజల్ని మట్టిలో పారబోస్తున్న పిచ్చివాడనుకుంటాడు, కోతల నాడు చూస్తే తెలుస్తుంది అంటాడు.

పోడు చేసుకునే మనవాళ్లకు ఈ పోలిక బాగా తెలిసిందే. కాకపోతే మనం విత్తేటప్పుడు నేల ఎవరిదని అడుగుతాం. కొండదేవతకు, ఊరి శంకుదేవుడికి చెప్పుకోనిదే గింజ పడదు. మన్ గారి పోలికలో విత్తనం ఉంది, కోత ఉంది, నేల మాత్రం లేదు. ఆ నేల మనదే.

రేవులు, బట్టలు, చట్టాలు

డచ్చివాళ్లు 17వ శతాబ్దం తొలి ఏళ్లలోనే మచిలీపట్నంలో కుదురుకున్నారు. 1611లో గ్లోబ్ అనే ఓడ మీద ఇంగ్లీషువాళ్లు వచ్చి అక్కడే కోఠీ పెట్టారు. ఆ తర్వాత డచ్చివాళ్లు మన భీమునిపట్నంలో స్థావరం వేశారు. బీచ్‌కి వెళ్లినప్పుడు మనం చూసే డచ్చి సమాధులు ఆనాటి వ్యాపారానికి మిగిలిన గుర్తులే. ఇంగ్లీషువాళ్లు 1680ల నాటికి విశాఖపట్నంలో కోఠీ తెరిచారు. 1689లో ఔరంగజేబుతో కంపెనీకి పడిన తగవులో మొగలు మనుషులు ఆ కోఠీ మీద పడి అందులోని వాళ్లను చంపారు. అప్పటికింకా కంపెనీ ఇక్కడ దొర కాదు, దుకాణదారే.

వాళ్లందరూ వచ్చింది బట్ట కోసం. మన ఉత్తరాంధ్ర బట్టకు ‘పుంజం’ అని పేరు. పడుగులో 120 పోగులు ఒక పుంజం. ఎన్ని పుంజాలైతే అంత చిక్కని గుడ్డ. కంపెనీ చిట్టాల్లో కూడా అదే మాట ఇంగ్లీషు నోటికి తగ్గట్టు ఒదిగిపోయింది. మచిలీపట్నం అద్దకం గుడ్డలైతే లండన్ ఆడవాళ్లకు పిచ్చి పట్టించాయి. అప్పుడు అక్కడి ఉన్ని, పట్టు నేతగాళ్లు గోల పెట్టారు. ఇంగ్లీషు పార్లమెంటు 1700లో అద్దకం గుడ్డల దిగుమతిని నిషేధించింది, అక్కడ దించి వేరే దేశాలకు తిరిగి ఎగుమతి చేసుకోవడానికి మాత్రం వీలిచ్చింది. 1721లో ఇంకో చట్టం చేసి అలాంటి గుడ్డలు ఒంటి మీద వేసుకోవడమే నేరం చేసింది.

ఇక్కడ ఆగి ఆలోచించాలి. స్వేచ్ఛా వ్యాపారం గురించి మనకు ఉపన్యాసాలిచ్చిన దేశం, తన మగ్గం బలపడేదాకా ఇంకొకడి గుడ్డను గడప తొక్కనివ్వలేదు. మిల్లులు వచ్చి, తన గుడ్డ చవకయ్యాక, 1813లో కంపెనీ గుత్తాధిపత్యాన్ని తీసేసి మన తలుపులు బార్లా తెరిపించింది. మన సాలెవాళ్ల మగ్గాలు అప్పుడు పడిపోయాయి. వాణిజ్యవాదం పోయి స్వేచ్ఛా వ్యాపారం వచ్చిందని పుస్తకాలు రాస్తాయి. మాకైతే ఒకే షావుకారు అంగీ మార్చుకున్నట్టు కనిపిస్తుంది.

ఈ రెంటికీ నడుమ అసలు మలుపు ఒకటి ఉంది. ఫ్రెంచివాళ్ల చేతిలో ఉన్న ఉత్తర సర్కారులు 1758లో జరిగిన చందుర్తి యుద్ధం తర్వాత ఇంగ్లీషువాళ్ల వైపు ఒరిగాయి. 1765లో మొగలు పాదుషా షా ఆలం ఫర్మానా, 1766లో నిజాంతో ఒప్పందం, ఈ రెండు కాగితాలతో కంపెనీకి శిస్తు వసూలు చేసే హక్కు వచ్చింది. అప్పటి నుంచి వాళ్లకు అంత వెండి మోసుకురావాల్సిన పని లేదు. ఇక్కడి రైతు దగ్గర వసూలు చేసిన శిస్తుతోనే ఇక్కడి సాలెవాడి బట్ట కొని ఓడ ఎక్కించేవాళ్లు. దానికి వాళ్లు పెట్టిన పేరు ‘పెట్టుబడి’. మన డబ్బుతో మన సరుకు కొని పట్టుకుపోవడాన్ని పెట్టుబడి అనగలిగిన వాళ్ల ధైర్యాన్ని మెచ్చుకోవాలి! మన్ కలలో కూడా ఊహించని కోత అది, విత్తకుండానే కోశారు. దాదాభాయి నౌరోజీ వంద ఏళ్ల తర్వాత ‘సంపద తరలింపు’ అని లెక్కలు కట్టి చెప్పింది దీన్నే.

శిస్తు ఒత్తిడి ఎంత దాకా పోయిందో విజయనగరం చరిత్రలో ఉంది. పేష్కష్ బకాయిల తగాదా ముదిరి 1794 జూలై 10న పద్మనాభం దగ్గర విజయరామరాజు కంపెనీ సేనల చేతిలో ప్రాణాలు పోగొట్టుకున్నాడు. అతని కొడుకు నారాయణబాబు కొండ అంచుల్లో ఉన్న కాశీపురానికి వచ్చి కొండ జమీందార్ల అండ చేరాడు. పల్లంలో లెక్క తెగినప్పుడల్లా మనుషులు కొండవైపు చూడటం ఈ జిల్లా చరిత్రలో మళ్లీ మళ్లీ కనబడుతుంది. ఆ వెనకే కంపెనీ కూడా కొండవైపు చూసింది.

ఉప్పు

మన కొండల్లో ఒకటి తప్ప అన్నీ ఉన్నాయి. ఆ ఒకటి ఉప్పు. గుడ్డ లేకపోతే గదబ ఆడవాళ్లు కెరంగ్ నారతో తామే నేసుకున్నారు. ఇనుము కావాలంటే ఊళ్లో కమ్మరి ఉన్నాడు. తిండికి సామ, కొర్ర, చోడి, కంది. ఉప్పుకు మాత్రం సముద్రం మీద ఆధారపడాల్సిందే. తీరం నుంచి బంజారాలు ఎద్దుల మందల మీద ఉప్పు బస్తాలు వేసుకుని సాలూరు ఘాట్ల మీదుగా జయపురం, బస్తర్ దాకా పోయి, తిరుగుదారిలో ధాన్యం, నూనెగింజలు వేసుకొచ్చేవాళ్లు. ఎద్దు మెడలోని గంట వినపడితే ఊరికి ఉప్పు వచ్చినట్టు.

1805లో మద్రాసు ప్రభుత్వం ఉప్పును తన గుత్తాధిపత్యం చేసుకుంది. ఆ తర్వాత పద్ధతులు మారుతూ వచ్చాయి, పన్ను మాత్రం పోలేదు. 1888లో మణుగుకు రెండున్నర రూపాయలు చేశారు. పల్లంలో ఉన్నవాడికి అది పన్ను. మన దగ్గరికి వచ్చేసరికి ఆ పన్ను మీద ఎద్దు కిరాయి, షావుకారు లాభం, కొలతలో మోసం అన్నీ కలిసి ఇంకేదో అయ్యేది. గాంధీగారు 1930లో ఉప్పు పట్టుకున్నప్పుడు దేశమంతా ఆశ్చర్యపోయింది గానీ, ఉప్పు పన్నంటే ఏమిటో కొండవాడికి ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఉప్పు తర్వాత కల్లు. 1879 మార్చిలో రంప పితూరీ లేచింది. మనవాళ్లు తరతరాలుగా గీసుకుని తాగే తాటి, జీలుగు కల్లును ప్రభుత్వం పల్లం నుంచి వచ్చిన గుత్తదార్లకు పాట పాడి ఇచ్చేసింది. అంతకుముందే రంప మన్సబ్‌దారు చిగురు పన్ను పేరుతో పిండుతున్నాడు. పైగా షావుకార్లు అప్పుల కాగితాలు పట్టుకుని దూరంగా ఉన్న రాజమండ్రి కోర్టుల్లో డిక్రీలు తెచ్చుకునేవాళ్లు. కోర్టు ఎక్కడుందో కూడా తెలియని మనవాడి ఇంటి ముందు నుంచి పశువుల్ని తోలుకుపోయేవాళ్లు. కారం తమ్మన్నదొర, ద్వారబంధాల చంద్రయ్యల పేర్లు చెప్పుకునేటప్పుడు ఇది కూడా చెప్పుకోవాలి. వాళ్లు కాల్చిన పోలీసు ఠాణాల వెనక ఒక గుత్త కాగితం, ఒక అప్పు చిట్టా ఉన్నాయి. ఆ పితూరీ మన గొలుగొండ కొండలకూ, అటు రేకపల్లికీ పాకింది. 1880లో అణచివేశారు.

రెండేళ్లు తిరక్కుండానే 1882లో మద్రాసు అడవుల చట్టం వచ్చింది. అప్పటిదాకా అడవి మనకు ఇల్లు. ఆ చట్టంతో అది సర్కారు వారి సరుకు అయింది. కలప రైలు పట్టాల కిందికీ, కరక్కాయ తోళ్లు పదును పెట్టడానికీ, వలిసెలు నూనెకీ పోయేవి. భీమిలి, విశాఖ రేవుల ఎగుమతుల చిట్టాల్లో ఇవన్నీ ఉన్నాయి. భీమిలి గోగునార ప్రపంచమంతా ‘బిమ్లీ జూట్’ పేరుతో చలామణీ అయింది. కరక్కాయ ఏరిన మన అవ్వల పేరు ఏ చిట్టాలోనూ లేదు.

అప్పు తీర్చలేనివాడు ‘గొత్తి’గా, అంటే షావుకారి ఇంట్లో పనికి కట్టుబడి బతకడం కూడా ఈ వ్యాపారంలో భాగమే. 1940లో దాన్ని రద్దు చేస్తూ ఏజెన్సీకి ప్రత్యేక రెగ్యులేషన్ చేయాల్సి వచ్చిందంటే అది ఎంత లోతుకు పోయిందో తెలుస్తుంది. భూమి విషయంలో 1917 చట్టం, 1959 రెగ్యులేషన్, దాన్ని గట్టిచేసిన 1970 నాటి 1/70 చట్టం. వీటిని రాయితీలనుకునేవాళ్లు ఈ నగరంలో మాకు చాలామంది తగులుతుంటారు. అవి రాయితీలు కావు, నాలుగు వందల ఏళ్ల లెక్కలో ఆలస్యంగా గీసిన అడ్డగీతలు.

1922లో అల్లూరి సీతారామరాజు, గాం గంటందొర, మల్లుదొరలతో కలిసి చింతపల్లి ఠాణా మీద పడటానికి ముందు జరిగింది కూడా ఒక రోడ్డు కథే. నర్సీపట్నం నుంచి లంబసింగి వైపు రోడ్డు వేయడానికి మనవాళ్లను నామమాత్రపు కూలికి, కొరడా దెబ్బలతో పనిలోకి దింపారు. ఆ రోడ్డు మన రోగిని ఆసుపత్రికి చేర్చడానికి వేసింది కాదు. కొండ మీది సరుకు కిందికి, కింది పోలీసు కొండ మీదికి పోవడానికి వేసింది.

రేవు, రైలు, ఉక్కు

విశాఖలో ఉద్యోగం చేసుకుంటూ, ఇక్కడే పిల్లల్ని పెంచుకుంటున్న మనకు రేవంటే గర్వమే. 1933 డిసెంబర్‌లో వైస్రాయ్ విల్లింగ్‌డన్ దీన్ని లాంఛనంగా ప్రారంభించాడు. కానీ రేవు ఎందుకు కట్టారో తెలుసుకోవాలి. మధ్య రాష్ట్రాల మాంగనీసు ఖనిజాన్ని దగ్గరి దారిన సముద్రానికి చేర్చడం కట్టడానికి ముఖ్య కారణం. దానికోసమే బెంగాల్ నాగపూర్ రైల్వే రాయపూర్ నుంచి విజయనగరానికి కొండల్లోంచి లైను వేసింది, 1931లో అది పూర్తయింది. రైలు ముందు, రేవు వెనక. రెండూ ఒకే గొట్టానికి రెండు కొసలు.

స్వాతంత్ర్యం వచ్చాక ఆ గొట్టం ఇంకా పెద్దదైంది. బస్తర్‌లోని బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని కొనుక్కునేందుకు జపాన్‌తో 1960లో ఒప్పందం కుదిరింది. జపాన్ సాయంతో కొత్తవలస నుంచి కిరండూల్ దాకా దాదాపు 450 కిలోమీటర్ల లైను అనంతగిరి కొండల్ని తొలుచుకుంటూ పోయింది. 58 సొరంగాలు. 1960ల చివరికి ఖనిజం బండ్లు నడవడం మొదలైంది. అంత ఖనిజాన్ని పెద్ద ఓడలకు ఎత్తడానికి 1976లో ఔటర్ హార్బర్ వచ్చింది. మనకు కిరండూల్ పాసింజరు దొరికింది, బొర్రాకు పర్యాటకులు దొరికారు. కాదనం. కానీ ఆ పట్టాలు వేసింది మన కోసం కాదు.

ముడిసరుకు బయటికి, తయారైన సరుకు లోపలికి అన్నది వలసదేశానికి వాణిజ్యవాదం రాసిపెట్టిన నుదుటిరాత. తన దగ్గర ఖనిజం లేని జపాన్, మన ఖనిజంతో ఉక్కు చేసి, ఆ ఉక్కుతో ఓడలూ కార్లూ చేసి ప్రపంచానికి అమ్మింది. 17వ శతాబ్దంలో ఫ్రాన్సు మంత్రి కోల్బేర్ చెప్పింది కూడా అదే: ముడిసరుకు రానీయండి, తయారీ మన దగ్గర పెట్టుకోండి. ఈ వరస వాళ్లకు తెలిసినట్టే 1966లో మన విద్యార్థులకూ తెలిసింది. ‘విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు’ అని రోడ్డెక్కారు. 32 మంది ప్రాణాలు పోయాయి. 1971 జనవరి 20న ఇందిరాగాంధీ శంకుస్థాపన చేస్తే, 1992 ఆగస్టు 1న పి.వి. నరసింహారావు జాతికి అంకితం చేశారు. ఉక్కు అన్న మన మాటే ఒకప్పుడు ‘వూట్జ్’ అయి దేశాలు తిరిగింది. ఆ మాటకు ఇక్కడ మళ్లీ కొలిమి దొరికింది. కానీ ఆ కొలిమికి సొంత గని ఇవ్వలేదు. బైలదిల్లా ఖనిజాన్నే కొనుక్కోవాలి. 2021 జనవరిలో దాన్ని పూర్తిగా అమ్మేయాలని కేంద్రం నిర్ణయించినప్పుడు కార్మికులతో పాటు మన పిల్లలూ టెంటుల్లో కూర్చున్నారు. రిజర్వేషన్ మీద అక్కడ ఉద్యోగం వచ్చి, ఇంట్లో మొదటి జీతం చూసిన కుటుంబాలు మనలో ఉన్నాయి. ఈ పోరాటంలో మేము రెండు చోట్ల నిలబడి ఉన్నాం. ఉక్కు ఇక్కడే తయారవ్వాలి. ఖనిజం ఇచ్చిన కొండకూ అందులో మాట ఉండాలి. ఈ రెండూ ఒకదానికొకటి అడ్డమని మేము అనుకోము.

కొండకు మాట ఉందని సుప్రీంకోర్టు 1997 జూలై 11న చెప్పింది. అనంతగిరి మండలం బొర్రా చుట్టుపక్కల ఊళ్ల కేసులో, షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వ భూమిని సైతం గిరిజనేతరులకు, ప్రైవేటు కంపెనీలకు గనుల లీజుకు ఇవ్వడానికి వీల్లేదని సమతా తీర్పు తేల్చింది. గనుల లాభంలో కనీసం 20 శాతం ఆదివాసుల బాగుకు పెట్టాలని కూడా అంది. ఆ తర్వాత బాక్సైట్ కోసం చింతపల్లి, జెర్రెల కొండల మీద ఎన్ని ప్రయత్నాలు జరిగాయో, 2019లో ఆ లీజులు రద్దయ్యేదాకా మనవాళ్లు ఎన్ని సభలు పెట్టారో ఈ సంచిక చదివేవాళ్లకు చెప్పనక్కర్లేదు.

ఇక జి.సి.సి. 1956లో విశాఖ కేంద్రంగా గిరిజన సహకార సంస్థ పుట్టింది. 1979 రెగ్యులేషన్‌తో ఏజెన్సీలో చిన్న తరహా అటవీ ఫలసాయం కొనే హక్కు దాని ఒక్కదానికే వచ్చింది. కింది నుంచి బియ్యం, ఉప్పు, కిరసనాయిలు డి.ఆర్. డిపోల్లో సరైన ధరకు అమ్మాలి, పై నుంచి చింతపండు, తేనె, నరమామిడి చెక్క సరైన ధరకు కొనాలి. చూస్తే ఇది కూడా గుత్తాధిపత్యమే. ఎలిజబెత్ రాణి కంపెనీకి ఇచ్చిన పట్టా లాంటిదే, కానీ తిరగేసి పట్టుకున్నది. షావుకారు చేతిలోని అడ్డను లాక్కుని సర్కారు చేతికిచ్చారు. మంచిదే. అయితే అడ్డ ఇప్పటికీ మన చేతిలో లేదు. 2006 అటవీ హక్కుల చట్టం ఫలసాయం మీద యాజమాన్యం గ్రామసభదే అంది. సంతలో ధర మాత్రం ఇంకా కింది నుంచే వస్తోంది.

ఒక చిన్న లెక్క. పిక్కతో ఉన్న చింతపండుకు ఒక ధర, పిక్క తీసినదానికి ఇంకో ధర. కాఫీ పండుగా అమ్మితే ఒక ధర, ఎండబెట్టి పొట్టు గింజగా అమ్మితే ఇంకో ధర, వేయించి పొడి చేసి సీసాలో పెడితే దానికి సంబంధమే లేని ధర. 2017లో పారిస్‌లో అరకు కాఫీకి దుకాణం తెరిచారు. 2019లో అరకు అరబికాకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. మన సరుకును ఎత్తుకుపోయిన యూరప్‌లో మన కొండ పేరు గాజు తలుపు మీద రాసి ఉందంటే సంతోషమే. కానీ మన్ చెప్పిన లెక్క అక్కడా పనిచేస్తుంది. విలువ ఎక్కడ చేరుతుందో డబ్బు అక్కడే ఆగుతుంది. పండు కోసిన ఊళ్లో పల్పర్ యంత్రం ఉందా, వేయించే పొయ్యి ఉందా, పొట్లం మీద ఎవరి సంతకం ఉంది? మన చదువుకున్న పిల్లలు పెడుతున్న చిన్న చిన్న ఉత్పత్తిదారుల సంఘాలు అడుగుతున్నది ఈ ప్రశ్నే. కొన్ని నిలబడ్డాయి, కొన్ని మొదటి సీజన్‌లోనే అప్పులపాలై మూతబడ్డాయి. మేము సాయం చేసిన ఒకటి కూడా అలాగే పోయింది. గింజ బాగుంది, గోదాము లేదు. వానకు తడిసిన గింజను కింది వ్యాపారి తనకు నచ్చిన ధరకు తీసుకుపోయాడు. ఈసారి వాళ్లు ముందు గోదాముకు నేల చూసుకున్నారు.

మొన్న పండక్కి ఊరికి పోతూ కిరండూల్ పాసింజరు ఎక్కాం. శిమిలిగుడ దాటాక బండిని లూప్ లైన్లో ఆపారు. ఎదురుగా ఖనిజం బండి దిగుతోంది. పక్కన కూర్చున్న పిల్లవాడు పెట్టెలు లెక్కపెట్టడం మొదలెట్టి, యాభై దాటాక వదిలేశాడు. అన్నింటి నిండా ఎర్రమట్టి రంగు ఖనిజం, విశాఖ వైపు. అది పోయాక కాసేపటికి మేము కదిలాం. అరకు స్టేషన్లో ఇంకో బండి కొండ మీదికి పోవడానికి సిగ్నల్ కోసం ఆగి ఉంది. అవే పెట్టెలు, ఖాళీగా.